నర్సుల లెక్క ఎవరి కోసం? స్టాఫర్డ్ ఆసుపత్రిపై ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రి పేరు చెప్పగానే మన నర్సింగ్ కాలేజీల్లో "రోగుల్ని గాలికొదిలేసిన ఆసుపత్రి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తడిసిన పక్కల మీదే గంటల తరబడి పడి ఉన్న ముసలివాళ్లు, చెయ్యి అందనంత దూరంలో పెట్టిన మంచినీళ్లు, ఎంతసేపు మోగినా ఎవరూ పలకని బెల్లు. ఇవన్నీ తర్వాత జరిగిన విచారణల్లో బయటపడ్డ నిజాలే. కానీ వాటి దగ్గరే ఆగితే తప్పంతా కొందరు మనసులేని నర్సులది అనుకుని, మన పని మనం చేసుకుంటూ పోతాం. నేను కొంతకాలం ఇంగ్లండ్‌లో వార్డు నర్సుగా పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సింగ్ క్వాలిటీ చూస్తున్నాను. డ్యూటీ రోస్టర్లు, నెలవారీ రిపోర్టులు తయారుచేయడమే నా పని. ఆ కంటితో చూస్తే స్టాఫర్డ్‌లో నాకు కనిపించేది వేరు. నర్సులు తక్కువయ్యారన్న సంగతి ఆ ఆసుపత్రిలో ఎన్నో కాగితాల మీద ఉంది. ఆ కాగితాలు రాసినవాళ్లకి, వాటిని చూసి నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకి మధ్య మాటల్లేవు.

స్టాఫర్డ్ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కి ఉత్తరాన ఉన్న ఒక మామూలు ఊరు. అక్కడి ఆసుపత్రిని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్ట్ నడిపేది. 2000ల మధ్యలో అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో ప్రతి ట్రస్టూ ఫౌండేషన్ ట్రస్ట్ హోదా కోసం పరుగులు పెడుతోంది. ఆ హోదా వస్తే డబ్బు విషయంలో స్వేచ్ఛ ఉంటుంది, పై నుంచి అజమాయిషీ తగ్గుతుంది. రావాలంటే ముందు ఖాతాలు సరిగ్గా ఉన్నాయని చూపించాలి. 2006-07లో ట్రస్ట్ 1 కోటి పౌండ్లు ఆదా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అది దాని ఏడాది రాబడిలో దాదాపు 8 శాతం. ఆసుపత్రి ఖర్చులో సింహభాగం జీతాలే కాబట్టి కోత ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. 150కి పైగా పోస్టులు పోయాయి. వార్డుల్ని అంతస్తులవారీగా కలిపేసి, రిజిస్టర్డ్ నర్సుల వాటా తగ్గించి, హెల్త్‌కేర్ అసిస్టెంట్ల వాటా పెంచడం అప్పటికే మొదలైంది. మన దగ్గర నర్సింగ్ ఎయిడ్ అంటామే, దాదాపు ఆ స్థాయి వాళ్లు. ఈ కోత వల్ల రోగుల మీద ఏం ప్రభావం పడుతుందని ముందుగా సరైన అంచనా ఎవరూ వేయలేదని తర్వాత విచారణ తేల్చింది.

2006 చివర్లో కొత్త నర్సింగ్ డైరెక్టర్ వచ్చారు. వార్డులు చూసి, అసలు ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అన్న సమీక్ష 2007 వసంతంలో మొదలుపెట్టారు. దాని ఫలితం బోర్డు ముందుకు వచ్చింది 2008 మార్చిలో. దాదాపు 120 మంది నర్సులు తక్కువ అని తేలింది. అంత చిన్న ఆసుపత్రిలో 120 అంటే మాటలు కాదు. ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మానిటర్ అనే నియంత్రణ సంస్థ ఆ ట్రస్టుకి ఫౌండేషన్ హోదా ఇచ్చింది 2008 ఫిబ్రవరి 1న. అంటే నర్సుల కొరత లెక్క బోర్డు బల్ల మీదకి చేరడానికి నెల ముందే, ఈ ఆసుపత్రి బ్రహ్మాండంగా నడుస్తోందని సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఎవరో కావాలని రిపోర్టుని తొక్కిపెట్టారని నేను అనడం లేదు. ఆర్థిక లెక్క నెలనెలా బోర్డుకి వెళ్తుంటే, నర్సుల లెక్క తేలడానికి ఏడాది పట్టింది. యాజమాన్యం దేనిమీద ధ్యాస పెట్టిందో తెలియడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఇంకో అంకె కూడా ఉంది. డాక్టర్ ఫోస్టర్ అనే సంస్థ ఏటా ఆసుపత్రుల మరణాల సూచీ ప్రచురించేది. వయసు, జబ్బు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక సగటు 100 అనుకుంటే, 2007లో వచ్చిన జాబితాలో ఈ ట్రస్టుకి 127 వచ్చింది. బోర్డు ఏం చేసింది? కోడింగ్ తప్పు అంది. రోగి రికార్డులో జబ్బుల వివరాలు సరిగ్గా ఎంట్రీ చేయకపోతే సూచీ పెరిగి కనిపించే మాట నిజమే, అక్కడ కోడింగ్ లోపాలు ఉన్నమాటా నిజమే. అయితే ఒక అంకె మనల్ని కంగారు పెట్టినప్పుడు అంకెని సరిచేసే పని ఎప్పుడూ తేలికే, దానికి ఆఫీసు దాటి బయటికి వెళ్లక్కర్లేదు. ఎవరో ఒకరు వార్డుకి వెళ్లి రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో కళ్లతో చూసొచ్చి ఉంటే కోడింగ్ మాట అంతకాలం నిలబడేది కాదు.

ఎమర్జెన్సీలో ఇదే కథ తిరగేసి జరిగింది. అక్కడ నూటికి 98 మంది రోగుల్ని నాలుగు గంటల్లోపు చూసి పంపించాలి, లేదా వార్డులో చేర్చాలి. ఈ లెక్క మీద పై నుంచి టెన్షన్ ఎంతంటే నాలుగో గంట దగ్గరపడేసరికి రోగికి ఏం కావాలన్నది వెనక్కి పోయి గడియారం ముందుకొచ్చేది. వైద్యం తెలియని రిసెప్షనిస్టులు వచ్చినవాళ్లని అంచనా వేసేవారు. హార్ట్ మానిటర్లు ఎలా వాడాలో కొందరు నర్సులకి తెలియక ఆపేసి ఉంచిన సందర్భాలు ఆసుపత్రుల్ని తనిఖీ చేసే హెల్త్‌కేర్ కమిషన్ కంటపడ్డాయి. హెలెన్ డోనెల్లీ అనే నర్సు, టైములు మార్చి రాయమని తమకి చెప్తున్నారని 2007లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసింది. సిబ్బంది చాలడం లేదని, రోగులకి హాని జరుగుతోందని ఆమె వందకు దగ్గరగా ఇన్సిడెంట్ ఫారాలు నింపింది. డ్యూటీ అయ్యాక చీకట్లో కారు దాకా ఒంటరిగా వెళ్లడానికి భయపడే పరిస్థితి వచ్చిందని ఆమె విచారణలో చెప్పింది. ఆమె ఫిర్యాదు చేసిన ఇద్దరు సిస్టర్ల (ఆ విభాగంలోని సీనియర్ నర్సుల) రిజిస్ట్రేషన్ 2013లో రద్దయింది.

ఒక నర్సు వంద ఫారాలు నింపిందంటే అదీ డేటానే. ఇంకా చెప్పాలంటే ఆ ఆసుపత్రిలో సిబ్బంది గురించి ఉన్న అత్యంత నమ్మకమైన డేటా బహుశా అదే. ఎందుకంటే ఏ పూట, ఏ రోగికి, ఏ పని జరగలేదో దాంట్లో ఉంది. కానీ ఫారం పైకి వెళ్లాక కిందికి జవాబు రాలేదు. ఇన్సిడెంట్ ఫారం నింపేవాళ్లు ఎవరైనా మొదటి రెండుసార్లు జవాబు కోసం చూస్తారు, తర్వాత నింపడం మానేస్తారు. అప్పుడు యాజమాన్యం "ఈ త్రైమాసికంలో ఇన్సిడెంట్లు తగ్గాయి" అని గ్రాఫ్ గీస్తుంది. నేను పనిచేసిన చోట్ల కూడా ఇలాంటి గ్రాఫులు చూశాను. తగ్గిన గీత కింద పచ్చ రంగు వేసి ఉంటుంది.

మరి డాక్టర్లు ఏం చేస్తున్నారు?

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. వార్డులో రోజూ రౌండ్స్ తిరిగే కన్సల్టెంట్లకి నర్సులు తక్కువున్నారని తెలియకుండా ఉంటుందా? తెలుసు. కొందరు చెప్పారు కూడా. కానీ ఈ ఆసుపత్రిపై న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ జరిపిన మొదటి విచారణ తేల్చిందేమిటంటే, కన్సల్టెంట్లలో ఎక్కువమంది యాజమాన్యం నుంచి తమని తాము వేరు చేసుకున్నారు. మేనేజర్లు వాళ్ల పని చూసుకుంటారు, మేం మా రోగుల్ని చూసుకుంటాం, చెప్పినా వినేవాళ్లెవరు అన్న ధోరణి. మన ఆసుపత్రుల్లో ఈ మాట విననివాళ్లు ఉండరు. కాఫీ తాగుతూ తిట్టుకుంటారు, మీటింగ్‌లో మాత్రం నోరు విప్పరు. మీటింగ్‌కి రాకపోవడమే ఒక నిరసన అనుకునే పెద్ద డాక్టర్లూ ఉన్నారు. యాజమాన్యం వైపు నుంచి చూస్తే ఇది చాలా సౌకర్యం. అభ్యంతరం మినిట్స్‌లోకి ఎక్కనంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేనట్టే లెక్క.

అక్కడ తప్పంతా మేనేజర్లదే అని చెప్పే డాక్టర్లతో నేను ఏకీభవించను. అలాగని క్లినీషియన్లు (డాక్టర్లు, నర్సులు) సహకరించలేదు అనే మేనేజర్ల మాటా ఒప్పుకోను. బెదిరింపు వాతావరణంలో నోరు మూసుకున్నవాళ్లని, అధికారం ఉండి కూడా పట్టించుకోనివాళ్లని ఒకే గాటన కట్టకూడదు. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుకి భయం ఉంటుంది. పదిహేనేళ్ల నుంచి పాతుకుపోయిన కన్సల్టెంట్‌కి ఉన్నది చాలావరకు విసుగు.

చివరికి దీన్ని బయటపెట్టింది వీళ్లెవరూ కాదు. 2007 నవంబర్‌లో ఇక్కడే తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ ఇంకొందరు బాధితులతో కలిసి క్యూర్ ది ఎన్‌హెచ్‌ఎస్ అనే బృందం కట్టింది. 2008 మార్చిలో హెల్త్‌కేర్ కమిషన్ దర్యాప్తు ప్రకటించింది, మరుసటి ఏడాది మార్చిలో రిపోర్టు ఇచ్చింది. ఫ్రాన్సిస్ మొదటి నివేదిక 2010 ఫిబ్రవరిలో, పబ్లిక్ ఎంక్వైరీ నివేదిక 290 సిఫార్సులతో 2013 ఫిబ్రవరి 6న వచ్చాయి. 400 నుంచి 1200 మంది అదనంగా చనిపోయారని పేపర్లలో తెగ తిరిగిన అంకెలు ఫ్రాన్సిస్ నివేదిక తేల్చినవి కావు. ఈ కేసుని క్లాసులో చెప్పేవాళ్లు వాటిని వాడకపోతే మంచిది. ట్రస్ట్ 2014 నవంబర్‌లో రద్దయింది, ఆసుపత్రి పేరు కౌంటీ హాస్పిటల్‌గా మారింది.

తర్వాత వచ్చిన లెక్కలు

ఇంగ్లండ్ ఆ తర్వాత లెక్కల మీద పడింది. 2014 జూన్ నుంచి ప్రతి ఆసుపత్రీ వార్డులవారీగా అనుకున్న నర్సు గంటలెన్ని, నిజంగా పనిచేసిన గంటలెన్ని అని నెలనెలా ప్రచురించాలి. వార్డు గుమ్మంలో ఈ పూట ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అని బోర్డు పెట్టాలి. 2014 జూలైలో అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ వార్డుల కోసం మార్గదర్శకం ఇచ్చింది. పగటి పూట ఒక రిజిస్టర్డ్ నర్సు ఎనిమిది మందికి మించి రోగుల్ని చూస్తే హాని జరిగే అవకాశం పెరుగుతుందని అందులో ఉంది. రెడ్ ఫ్లాగులు అని కొన్ని పెట్టారు. నొప్పి మందు 30 నిమిషాలకి మించి ఆలస్యం కావడం, ఇవ్వాల్సిన మందు ఇవ్వలేకపోవడం, రిజిస్టర్డ్ నర్సు సమయంలో 8 గంటలు గాని 25 శాతం గాని ఏది ముందు వస్తే అంత తగ్గడం, వార్డులో ఇద్దరికంటే తక్కువ రిజిస్టర్డ్ నర్సులు ఉండటం లాంటివి. ఇది చక్కటి పని. ఎందుకంటే ఫ్లాగ్ ఎత్తేది వార్డులో ఉన్న సిస్టర్, ఎత్తగానే ఇన్‌చార్జి ఏదో ఒకటి చేయాలి. 2015లో నైస్‌ని ఈ పని ఆపమన్నారు. మిగతా విభాగాలకి రావాల్సిన మార్గదర్శకాలు అక్కడే ఆగిపోయాయి.

2016 మే నుంచి ఇంకో కొలత వచ్చింది. ఒక్కో రోగికి రోజుకి ఎన్ని గంటల సేవ అందింది అన్న లెక్క. 24 గంటల్లో నర్సులు, అసిస్టెంట్లు కలిపి చేసిన గంటల్ని రాత్రి 23:59కి వార్డులో ఉన్న రోగుల సంఖ్యతో భాగిస్తారు. అర్ధరాత్రి సెన్సస్ అన్నమాట. దీన్ని ఒక ఊహా వార్డు మీద వేసి చూపిస్తాను, మేనేజర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు నేను బోర్డు మీద రాసేది ఇదే.

అర్ధరాత్రి 24 మంది రోగులున్న వార్డు. పన్నెండు గంటల షిఫ్టులు. ప్లాన్ ప్రకారం పగలు నలుగురు నర్సులు, ముగ్గురు అసిస్టెంట్లు, రాత్రి ముగ్గురు నర్సులు, ఇద్దరు అసిస్టెంట్లు. మొత్తం 12 మంది, 144 గంటలు, రోగికి 6 గంటలు. ఇప్పుడు పగటి డ్యూటీకి ఇద్దరు నర్సులు రాలేదు. వాళ్ల బదులు ఇద్దరు అసిస్టెంట్లని పంపారు. మళ్లీ 12 మందే, 144 గంటలే, రోగికి 6 గంటలే. పై రిపోర్టులో ఏమీ జరగలేదు. వార్డులో మాత్రం ఒక నర్సుకి ఆరుగురు రోగులు కాస్తా పన్నెండు మంది అయ్యారు. ఐవీ మందులు, ఇన్సులిన్, రక్తం ఎక్కించడం, డాక్టర్ రౌండ్‌లో నిలబడటం అన్నీ ఆ ఇద్దరి మీదే. నర్సుల గంటల్ని విడిగా తీస్తే 3.5 ఉండాల్సింది 2.5కి పడింది. అది కనిపించాలంటే రెండింటినీ విడిగా చూడాలి, రోజువారీగా చూడాలి. ఇంగ్లండ్‌లో విడివిడిగానే ప్రచురిస్తారు. అయినా బోర్డు సమావేశంలో తెర మీద కనిపించేది తరచూ మొత్తం అంకె, అదీ నెల సగటు. సగటులో ఆ ఒక్క రోజు కరిగిపోతుంది.

ఇంకొకటి. అదే రోజు ఉదయం ఆరుగురు డిశ్చార్జ్ అయి, సాయంత్రానికి ఆరుగురు కొత్తవాళ్లు చేరారనుకోండి. పని 30 మందిది, సెన్సస్‌లో 24. అడ్మిషన్, డిశ్చార్జ్‌లలోనే నర్సుకి ఎక్కువ పని ఉంటుందని ఒక్కరోజు వార్డులో చేసినవాళ్లకి తెలుసు. 23:59 అని నిర్ణయించినవాళ్లకి తెలియక కాదు, ఆ సమయానికి అంకె తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అది ఎంచుకున్నారు.

మన దగ్గరికి వస్తే

ఇండియాలో ఈ చర్చ ఇంకో మెట్టు కిందే ఉంది. మనవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా పట్టుకునేది కేంద్రం పాత స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ నిబంధనలు. జనరల్ వార్డులో ఆరు పడకలకి ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు. సెలవులు, వారాంతపు ఆఫ్‌ల కోసం పైన 45 శాతం పోస్టులు కలపాలి. ఈ 45 శాతాన్ని చాలా ఆసుపత్రులు మర్యాదగా మర్చిపోతాయి. పడకల్ని ఆరుతో భాగించి, మూడు షిఫ్టులకి గుణించి, ఇంతమంది చాలంటారు. నర్సులకి పెళ్లిళ్లు, జ్వరాలు, కాన్పులు ఉండవన్నట్టు. ఆసుపత్రుల నాణ్యతని చూసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే నర్సు, రోగి నిష్పత్తిని ఒక సూచికగా కొలవాలి. దాంతో ప్రతి కార్పొరేట్ ఆసుపత్రిలోనూ ఆ అంకె తయారవుతోంది. తయారవుతోంది అనే మాట కావాలనే వాడుతున్నాను.

అసెస్‌మెంట్ దగ్గరపడ్డ ఒక ఆసుపత్రిలో రోస్టర్ చూశాను. పేర్లు నిండుగా ఉన్నాయి. ఒక్కొక్క పేరే ఇన్‌చార్జి సిస్టర్‌తో కూర్చుని చదివించాను. "ఈ అమ్మాయి?" అంటే "స్టూడెంట్ మేడం, పోస్టింగ్‌కి వచ్చింది." ఇంకో పేరు ఓపీ బిల్లింగ్ దగ్గర కూర్చుంటోంది. ఒకరికి రిజిస్ట్రేషన్ నంబర్ ఇంకా రాలేదు. ఇద్దరు పొద్దుటి డ్యూటీ చేసి, అదే రోజు రాత్రికీ రాయబడ్డారు. డబుల్ డ్యూటీకి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తామన్నారట, ఎప్పుడో తెలియదు. ఇవన్నీ తీసేశాక మిగిలిన సంఖ్యని ఆ సిస్టర్ నాకు గట్టిగా చెప్పలేదు, పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసి చూపించింది. తర్వాత రబ్బరుతో చెరిపేసింది.

ఆ పెన్సిల్ అంకెకి అధికారిక రిపోర్టులో చోటు దొరికేలా చేయడమే నా దృష్టిలో ఈ రంగంలో అసలు పని. సాఫ్ట్‌వేర్ కొనడం, డ్యాష్‌బోర్డు పెట్టడం తర్వాతి సంగతులు. జీతాల విషయంలో 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్ర కమిటీ ఒక కొలబద్ద ఇచ్చింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 లోపు ఉన్నచోట కూడా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదు. అది అమలైనచోట నర్సులు నిలబడతారు, కానిచోట గల్ఫ్‌కో, ఇంగ్లండ్‌కో వెళ్లిపోతారు. నాతో పనిచేసినవాళ్లలో ఎందరో ఇప్పుడు అక్కడే ఉన్నారు. రోస్టర్‌లో ఖాళీలకి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఆ లెక్క హెచ్‌ఆర్ దగ్గర ఉంటే, వార్డు లెక్క నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర ఉంటుంది. రెండూ ఒక కాగితం మీదకి రావు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన నమూనా స్కాట్లండ్‌ది. 2019లో చట్టం చేశారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సంఖ్య ఎంత ఉండాలని అది చెప్పదు. సిబ్బంది పరిస్థితిని ఏ పూటకి ఆ పూట అంచనా వేయాలని, ప్రమాదం ఉందని ఎవరైనా చెప్తే అది పైదాకా వెళ్లే దారి ఉండాలని అంటుంది. నిర్ణయం తీసుకునేవాళ్లు క్లినీషియన్ సలహా అడగాలి. దానికి విరుద్ధంగా నిర్ణయం తీసుకుంటే కారణమేంటో సలహా ఇచ్చినవాళ్లకి చెప్పాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ అసమ్మతిని నమోదు చేసుకునే హక్కు ఉంటుంది. చట్టం రాగానే నర్సులు పుట్టుకురారు, స్కాట్లండ్‌లో కొరత ఇప్పటికీ ఉంది. కానీ "నాకు ఎవరూ చెప్పలేదు" అనే దారి మేనేజర్‌కి మూసుకుపోతుంది, "చెప్పినా వినరు" అని కన్సల్టెంట్ పక్కకి తప్పుకోవడమూ కష్టమవుతుంది.

మా దగ్గర చట్టం లేదు కాబట్టి షిఫ్ట్ రిపోర్టు ఫారంలోనే మూడు గడులు కలిపాం. స్టూడెంట్లని, రిజిస్ట్రేషన్ రానివాళ్లని తీసేశాక ఉన్న నర్సులు ఎంతమంది అన్నది మొదటిది. ఈ పూట ఏ పని జరగలేదు అన్నది రెండోది. ఇక్కడ "సిబ్బంది కొరత" అని రాస్తే ఒప్పుకోం, "నాలుగో బెడ్ పేషెంట్‌కి రెండింటికి పడాల్సిన యాంటీబయాటిక్ నాలుగింటికి పడింది" అని రాయాలి. మూడోది డ్యూటీ మేనేజర్ జవాబు, పేరు, టైముతో సహా. "కుదరదు" అని రాసినా సరే, ఖాళీ మాత్రం ఉండకూడదు. వారానికోసారి ఈ ఫారాలు మెడికల్ సూపరింటెండెంట్, ఇద్దరు కన్సల్టెంట్లు, ఫైనాన్స్ నుంచి ఒకరు ఉన్న మీటింగ్‌కి వెళ్తాయి. మొదట్లో రెండో గడిలో ఎక్కువగా ఏమీ రాసేవాళ్లు కాదు. మూడో గడిలో జవాబులు కనబడటం మొదలయ్యాక రాయడం పెరిగింది. దాంతో మా నెలవారీ ఇన్సిడెంట్ గ్రాఫ్ పైకి లేచింది, ఎందుకు పెరిగిందని పై నుంచి మెయిల్ వచ్చింది. జవాబుగా ఫారాల కట్టే పంపించాం.